ఇంటర్ అయ్యాక గుడికి దూరమవుతున్న పిల్లలు: ఒక యువ పాస్టరు గారికి నా జవాబు

బ్రదర్, వందనాలు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మండల కేంద్రంలో 80 కుటుంబాల సంఘం. సండే స్కూల్లో, పాటల్లో ముందుండే పిల్లలు బీటెక్‌కి, డిగ్రీకి ఊరు దాటిన ఆరు నెలలకే కనిపించకుండా పోతున్నారు. సెలవులకు వచ్చినా చివరి వరుసలో కూర్చుని, దీవెన ప్రార్థన కాకముందే లేచి వెళ్ళిపోతున్నారు. తల్లిదండ్రులు మిమ్మల్ని తప్పు పడుతున్నారు. యవ్వనస్తుల కూటాలు పెంచాలా, పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిపించాలా అని అడిగారు.

రెండూ తర్వాత చూద్దాం. నేను 29 ఏళ్ళు పరిచర్యలో ఉన్నాను. మొదటి 11 ఏళ్ళు పల్నాడు వైపు పల్లెటూరి సంఘాల్లో, మిగతా 18 ఏళ్ళు హైదరాబాదులో అమీర్‌పేట హాస్టళ్ళకు దగ్గరలో. అంటే మీ దగ్గర బస్సెక్కిన పిల్లలు దిగే చోట కూడా ఉన్నాను. అందుకే ఇది కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మీరు బీటెక్ దగ్గర లెక్క మొదలుపెట్టారు. దూరం అంతకు రెండేళ్ళ ముందే మొదలవుతుంది. పది పాసైన పిల్లను జూన్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తాం. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఎప్పుడో ఒక ఔటింగ్. "ఈ రెండేళ్ళు కష్టపడమ్మా, గుడికి తర్వాత వెళ్ళొచ్చులే" అన్నది ఎవరు? విశ్వాసులైన తల్లిదండ్రులే. ప్రసంగ వేదిక మీద నుంచి నేను కూడా అన్నాను. పిల్ల ఆ మాట నమ్మింది. దేవుడు పరీక్షలయ్యాక చూసుకునే సంగతని మనమే నేర్పి, ఆ పాఠాన్ని బీటెక్‌లో కూడా పాటిస్తోందని బాధపడుతున్నాం. కాబట్టి మీ లెక్క పదో తరగతి సెలవుల్లో మొదలుకావాలి.

దానికి తోడు మనం ఇంకో పని చేస్తాం. ఫలితాలు రాగానే ఆదివారం సాక్ష్యాలు చెప్పిస్తాం. "నా కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించారు, నాకు ఇంత ర్యాంకు వచ్చింది." అందరూ స్తోత్రం అంటారు. అదే ఉపవాసం ఉండి, అంతే ప్రార్థించి, ర్యాంకు రాని అబ్బాయి నాలుగో వరుసలో కూర్చుని ఉంటాడు. వాడికి ఆ ఉదయం ఏం వినపడిందో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు, చాలా ఏళ్ళు. ఒకమ్మాయి తానే వచ్చి చెప్పింది: "అయ్యగారూ, దేవుడికి నేనంటే ఇష్టం లేదని ఆరోజు తెలిసిపోయింది." ఆ తర్వాత మా సంఘంలో ర్యాంకు సాక్ష్యాలు ఆపేశాను. పాసైనవాళ్ళ కోసం, తప్పినవాళ్ళ కోసం ఒకే ప్రార్థన చేస్తాం, పేర్లు లేకుండా. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నేను మాత్రం మార్చలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా మనిషి జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. ఏం చదవాలి, ఎక్కడ బతకాలి, ఎవరిని పెళ్ళి చేసుకోవాలి, అమ్మానాన్నల దేవుణ్ణి తన దేవుడు అనగలడా. అప్పటిదాకా మన ఇళ్ళల్లో చొక్కా రంగు కూడా అడిగి ఉండరు. ఆ వయసులో వాళ్ళకి తల్లి కాని, తండ్రి కాని ఒక పెద్ద మనిషి కావాలి, చెప్పింది తల్లిదండ్రులకు మోయని మనిషి. ఆ మనిషి మీరు కాగలిగితే కూటాలు తక్కువైనా ఫరవాలేదు. కాలేకపోతే ఎంత గొప్ప ప్రసంగీకుణ్ణి పిలిచినా వాళ్ళు కూటాలు జరిగే మూడు రోజులూ కూర్చుని వెళ్ళిపోతారు.

ఇది నాకు తెలిసింది నా తప్పు వల్ల. 2003లో, పల్నాడు సంఘంలో ఉన్నప్పుడు, ఇంజినీరింగ్ మూడో ఏడాది కుర్రాడొకడు సెలవులకు వచ్చి, రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి తలుపు తట్టాడు. ఎనిమిది సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో తెలియదు. ఏడ్చాడు. ప్రార్థన చేశాం. "నేనే నాన్నకి చెప్తానయ్యగారూ" అని వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత వాళ్ళ నాన్న ఎరువుల కొట్టు దగ్గర కనిపించి, మావాడు బాగా చదువుతున్నాడా, మీతో ఏమైనా అన్నాడా అని అడిగారు. మేలు చేస్తున్నాననుకుని చెప్పేశాను. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో రాయను. తెల్లారి వాడు బస్సెక్కాడు. ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు, ఆ ఊరి గుడి మెట్టు ఎక్కలేదు. వాళ్ళ నాన్న భూస్థాపన రోజున నా పక్కన నిలబడి ఒక్క మాటన్నాడు: "నాకు ఇంకో వారం ఇచ్చుంటే నేనే చెప్పేవాణ్ణి."

అప్పటి నుంచి ఎవరైనా మాట్లాడడానికి వస్తే ముందే చెప్తాను. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, మా ఇంట్లో అమ్మగారికి, అంటే నా భార్యకి కూడా తెలియదు. రెండు సంగతులు మాత్రం దాచను. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే దాచను. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిస్తే దాచను; 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది పోలీసులకు చెప్పి తీరాలి, ఆ చెయ్యి వేసింది సంఘ పెద్ద అయినా సరే. ఈ రెండూ ముందే చెబితే వాళ్ళు భయపడి మానేస్తారనుకున్నాను. అలా జరగలేదు. హద్దు తెలిసిన మనిషిని ఎక్కువ నమ్మారు.

రహస్యం బయటపడేది ఎరువుల కొట్టు దగ్గరే కాదు బ్రదర్, మన ప్రార్థనల్లోనే. "ఒక కుటుంబంలో ఒక యవ్వన సహోదరి తప్పుదారిలో ఉంది, పేరు చెప్పను, ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. 80 కుటుంబాల సంఘంలో పేరు చెప్పక్కర్లేదు కదా. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మీ ఊళ్ళో ఇది జరుగుతుంటే ముందు దీన్ని ఆపండి.

ఎలా మాట్లాడాలని మీరు అడగలేదు గానీ చెప్తాను. ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెడితే వాళ్ళకి ప్రిన్సిపాల్ గది గుర్తొస్తుంది. పక్కపక్కన నడుస్తూ, బండి మీద వెళ్తూ, టీ కొట్టు బెంచీ మీద మాట్లాడండి. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులతో ప్రభువు చేసింది అదే. జరిగిందంతా తనకు తెలిసీ, మీరేం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్ళు తమ నిరాశంతా చెప్పేదాకా పక్కనే నడిచాడు. లేఖనాలు వివరించింది ఆ తర్వాతే. మనం మొదటి నిమిషంలోనే వచనం తీస్తాం. ఏలీయా ప్రవక్త చెట్టుకింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దూత రెండుసార్లు తట్టి లేపి, తినమన్నాడు. మధ్యలో నిద్రపోనిచ్చాడు. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న ఆ తర్వాత నలభై రోజుల నడక అయ్యాక వచ్చింది. పరీక్ష తప్పినవాడికి, ప్రేమలో దెబ్బ తిన్నవాడికి మొదటి రోజు ప్రసంగం చెయ్యకండి. అన్నం తిన్నావా అని అడగండి.

ఆడపిల్లలతో మీరు ఒంటరిగా మాట్లాడకూడదు, అది మీకూ వాళ్ళకీ క్షేమం. అలాగని వాళ్ళ సంగతులన్నీ మీ భార్య మీద పడెయ్యడమూ న్యాయం కాదు. సంఘంలో ఒక టీచరమ్మో నర్సమ్మో ఉంటారు, పది మాటలు విని ఒక మాట మాట్లాడే మనిషి. ఆవిడకు ఈ రహస్యపు నియమం నేర్పి, ఆ పని అప్పగించండి.

ఇక వాళ్ళు మీ దగ్గరికి ఏం తీసుకొస్తారో కొంచెం చెప్పాలి, ఎందుకంటే బైబిల్ కాలేజీలో ఇవి మనకు నేర్పరు.

డబ్బు. క్రికెట్ బెట్టింగు, రమ్మీ, లోన్ యాప్. మగపిల్లలు ఎక్కువగా దీంతోనే వస్తారు, అదీ చివరి ఘడియలో. ఆంధ్రప్రదేశ్ 2020లో, తెలంగాణ అంతకు ముందే 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అయినా ఫోన్లో దారులున్నాయి. వాడు సిగ్గుతో చచ్చిపోతుంటాడు. కాగితం ఇచ్చి, ఎవరికి ఎంత ఇవ్వాలో అన్నీ రాయించండి. మొదటిసారి చెప్పిన మొత్తం ఎప్పుడూ నిజం కాదు, రెండోసారి అడగండి. యాప్ వాళ్ళు ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ బూతు మెసేజీలు పెడతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించండి. సంఘం సొమ్ము మాత్రం ఇవ్వకండి, మీ సొమ్ము కూడా ఇవ్వకండి. తండ్రికి చెప్పడానికి వాడే ఒప్పుకున్న రోజున మీరు వెంట వెళ్ళండి. తండ్రి చెయ్యి లేచినప్పుడు మధ్యలో ఒక మనిషి ఉండాలి.

పెళ్ళి. మన సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర కులం లేదు, పెళ్ళి చూపుల దగ్గర ఉంది. పిల్లలకి అది కనపడుతుంది, మనం ఎంత దాచినా. ఒక ఆదివారం క్రీస్తులో అందరూ ఒక్కటేనని ప్రసంగించి, బుధవారం "అయ్యగారూ, మావాళ్ళలోనే మంచి సంబంధం చూడండి" అంటే సరేనన్న పాస్టరు దగ్గరికి వేరే కులం అమ్మాయిని ప్రేమించిన అబ్బాయి ఎందుకొస్తాడు? నేను పారిపోయే జంటకు బండి పెట్టలేదు, తల్లిదండ్రుల తరఫున కాపలాదారు పనీ చెయ్యలేదు. ఇద్దరి వయసూ చట్టానికి సరిపోయాక, అమ్మాయికి 18, అబ్బాయికి 21, నిర్ణయం వాళ్ళదని రెండు కుటుంబాలకూ చెప్పాను. ఒక్కోసారి నాలుగేళ్ళు ఆగమని జంటకూ చెప్పాను. ప్రాణభయం ఉందంటే తేలిగ్గా తీసుకోవద్దు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్న ప్రణయ్‌ని పట్టపగలు ఆసుపత్రి బయట చంపేసిన సంగతి మనకు తెలుసు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు పోలీసులు రక్షణ కల్పించాలని స్పష్టంగా చెప్పింది. స్టేషన్‌కి వెంట వెళ్ళండి.

ఇంకొకటుంది, దీని గురించి పాస్టర్లం మనలో మనమే మాట్లాడుకోం. కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చేర్చారు. క్రైస్తవులైన దళితులకు లేదు, మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. తాతల నాటి నుంచి కూలిబతుకు బతికిన ఇంట్లో మొదటిసారి ఒక అమ్మాయి కాలేజీ సీటుకో, ఉద్యోగానికో దరఖాస్తు పెడుతుంది. అప్పుడు తెలుస్తుంది, గుడిలో తన పేరు ఒకటి, కాగితాల్లో ఇంకొకటని. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ రోజున పెద్దరికం వచ్చేస్తుంది, చాలా చేదుగా. నేను చూశాను, ఎస్సీ హోదాతో ఉద్యోగం వచ్చాక, అది పోతుందన్న భయంతో మెడలో సిలువ గొలుసు తీసేసి, ఇన్‌స్టాగ్రామ్‌లో క్రిస్మస్ ఫోటోలు తీసేసి, గుడికి రావడం మానేసినవాళ్ళని. వాళ్ళని చాలామంది పాస్టర్లు వేదిక మీద నుంచి "లోకం కోసం క్రీస్తును ఎరుగనన్నవాళ్ళు" అని పొడిచారు. దయచేసి మీరు ఆ పని చెయ్యకండి. అబద్ధం ఆడమని నేను ఎవరికీ సలహా ఇవ్వలేదు, కాగితంలో ఏం రాయాలో కూడా చెప్పలేదు; అది వకీలు చెప్పాల్సిన మాట. కానీ ఆ పిల్ల చెప్పేదంతా కూర్చుని విన్నాను. ఆ భారం ఆమె తయారు చేసుకున్నది కాదు. మూడు తరాల నుంచి ఇంటిల్లిపాదీ మోస్తున్నది ఇరవై ఏళ్ళ పిల్ల నెత్తిన దించి, విశ్వాసం లేదనడం క్రూరత్వం.

మనసు బాగోలేకపోవడం గురించి తక్కువ మాటల్లో చెప్తాను, కానీ ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నిద్ర పట్టడం లేదు, తిండి పోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడు, తన వస్తువులు పంచిపెడుతున్నాడు అంటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. దయ్యమని ఉపవాస కూటానికి తీసుకెళ్ళి మందులు ఆపించకండి. షుగరు మాత్ర వేసుకునే పెద్దమ్మని మనం అవిశ్వాసి అనం కదా. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళ మీద కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళని ఇళ్ళున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషిని శిక్షించకుండా, తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది. ఇది తల్లిదండ్రులకు చెప్పండి.

ఇక ఊరు దాటేవాళ్ళ సంగతి. పంపించడం కూడా పరిచర్యే. లండన్‌లో 1844లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు కుర్రాడు, పల్లె నుంచి వచ్చి కొట్టు మేడ మీద గదుల్లో పడుకునే తనలాంటి కుర్రాళ్ళను పోగుచేసి ప్రార్థించడం మొదలుపెడితే అది వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువకుల సంఘం అయింది. అప్పుడు అతనికి 22 ఏళ్ళు. మన పిల్లలూ అలాంటి గదుల్లోనే ఉన్నారు, గదికి నలుగురు చొప్పున.

వెళ్ళే వారం వాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఆదివారం సంఘం ముందు నిలబెట్టి చేతులుంచి ప్రార్థించండి, బీటెక్ వెళ్ళేవాడికి, తిరుపూరు మిల్లుకు వెళ్ళేవాడికి, కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళే అమ్మాయికి ఒకేలా. ఆ ఊళ్ళో ఒక మనిషి పేరు, నంబరు ఇవ్వండి, ముందు ఆ మనిషితో మీరు మాట్లాడండి. "ఏదైనా గుడికి వెళ్ళు" అంటే వెళ్ళరు. కాలేజీల్లో 1954 నుంచి పనిచేస్తున్న యు.ఇ.ఎస్.ఐ. అనే క్రైస్తవ విద్యార్థి సంస్థ వాళ్ళ సహవాసాలు మన రెండు రాష్ట్రాల్లో చాలా చోట్ల ఉన్నాయి, అవసరమైతే వాళ్ళని వెతకండి. మొదటి రెండు ఆదివారాలు ఎక్కడికి వెళ్ళారన్నదే తర్వాతి నాలుగేళ్ళు చాలావరకు నడిపిస్తుంది. మూడో వారం ఫోన్ చెయ్యండి. రోజూ పొద్దున్నే వచనం ఫోటో పంపితే చూడకుండా తీసేస్తారు. సెమిస్టర్ ఫలితాల రోజున ఒక్క ఫోను గుర్తుంటుంది.

హైదరాబాదులో మేము మొదట్లో ఆదివారం పొద్దున యవ్వనస్తుల ఆరాధన పెట్టాం. ఎనిమిది మంది వచ్చేవారు. వారమంతా పనిచేసి పదకొండుకు లేచే పిల్లలు. అప్పుడొక అబ్బాయి చెప్పాడు, చాలా హాస్టళ్ళలో ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రి వంట ఆపేస్తారని. కూటాన్ని ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మార్చాం, తర్వాత భోజనం. అన్నం, పప్పు, ఒక కూర, అప్పడం. సంఘంలో నాలుగు కుటుంబాలు వంతులవారీగా వండేవి. మూడు నెలల్లో నలభై మంది. కొందరు భోజనానికే వచ్చేవారు, మాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పాస్టర్లు.

ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళని మర్చిపోకండి. అందరూ వెళ్ళినవాళ్ళ గురించే బాధపడతారు. ఇంటర్ తప్పి ఆటో నడుపుతున్నవాడు, డీఎస్సీ ఎప్పుడొస్తుందా అని నాలుగేళ్ళుగా పుస్తకాలు పట్టుకున్నవాడు, పందొమ్మిదికే పెళ్ళై బిడ్డనెత్తుకుని వచ్చిన పిల్ల. స్నేహితులంతా వెళ్ళిపోయాక వీళ్ళు ఇంకా ఒంటరివాళ్ళు. గుడిలో కుర్చీలు వేయడం, సౌండ్ బాక్సులు మోయడం తప్ప వీళ్ళకి ఇంకేం పని ఇచ్చాం? మీ కమిటీలో ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు ఎంతమంది? ఒక్కరూ లేకపోతే ఈ ఏడాది ఇద్దర్ని వేయండి, చందా లెక్కలు వాళ్ళకి చూపించండి. మన దోర్నకల్ బిషపు అజరయ్య గారు 38 ఏళ్ళకు బిషపు అయ్యారంటే, అంతకు చాలా ముందే, ఇరవైల్లో, ఆయనకు ఎవరో పని అప్పగించి నమ్మారు.

తల్లిదండ్రులు మిమ్మల్ని తప్పు పట్టినప్పుడు వాదించకండి. వాళ్ళనొక్కటి అడగండి, ఫోన్ చేసినప్పుడు "గుడికెళ్ళావా" అన్నది రెండో ప్రశ్నగా అడగమనండి. మొదటిది వాళ్ళ ఇష్టం. ఇప్పుడు పిల్లలు అబద్ధం చెప్తున్నది ఆ ప్రశ్నకే.

చివరి వరుసలో కూర్చుని దీవెనకు ముందే వెళ్ళిపోయే పిల్లల గురించి కదా మీరు అడిగింది. వచ్చే సంక్రాంతికి వాళ్ళు వస్తారు. ఆ ఆదివారం దీవెన ప్రార్థన ఒక సంఘ పెద్దకు అప్పజెప్పి, చివరి పాట మొదలవగానే మీరు పక్క తలుపు నుంచి బయటికొచ్చి, బండ్లు పెట్టే చోట నిలబడండి. బైబిల్ లోపలే వదిలేసి రండి. నేను అలా నిలబడ్డ మొదటి రోజు ఒక కుర్రాడు నన్ను చూసి తాళం జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడొచ్చావురా అన్నాను. నిన్న రాత్రి బస్సుకన్నాడు. టీ తాగావా అన్నాను. ఇంకా లేదండీ అన్నాడు. రోడ్డవతల కొట్టుకి వెళ్ళాం. లోపల ఆమెన్ వినపడింది, మేమిద్దరం లేవలేదు.